ఒక పిడికెడు బియ్యం

అనంతపురం జిల్లా పల్లెల్లో ఇద్దరు ఆడవాళ్లు దారిలో ఎదురుపడితే మొదట ఏమి మాట్లాడుకుంటారు?

"తింటివా అక్కా?" అని ఒకామె అడుగుతుంది.

"తింటి మ్మా. నువ్వు తింటివా?" అని రెండో ఆమె అంటుంది.

ఆ తర్వాతే మిగిలిన మాటలు. వాన సంగతి, చేను సంగతి, పిల్లల సంగతి. ఆకలి అంటే ఏమిటో బాగా తెలిసిన సీమ ఇది. అందుకే ముందు కడుపు సంగతి అడుగుతారు.

పెద్ద పట్నంలో ఈ మాట వినబడదు. అక్కడ వంతెన కింద ఒక ముసలాయన పడుకుని ఉంటాడు. పక్కనుంచి వేల మంది పోతుంటారు. బస్సులు పోతాయి, కార్లు పోతాయి. "తింటివా తాతా?" అని అడిగేవాళ్లు ఉండరు.

అయితే అడిగేవాళ్లు కొందరు ఉన్నారు. జీతం లేకుండా, పిలవకుండానే వచ్చి అన్నం పెడతారు. వాళ్లు ఎవరు? ఆ పని ఎట్ల చేస్తారు? పట్నంలో ఇల్లు లేనివాళ్లకూ మన కరువు పల్లెలకూ సంబంధం ఏమిటి? ఈ పాఠంలో చూద్దాం.

ఇల్లు లేనివాళ్లు ఎవరు?

అనంతపురం వాన తక్కువ నేల. ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన పడుతుంది. అది కూడా నమ్మకం లేని వాన. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకుంటాయి. తూర్పు సముద్రం నుంచి వచ్చే మేఘాలు ఇక్కడికి చేరేలోపు బలం తగ్గిపోతాయి. రెండు వైపులా నష్టమే.

వాన మీద నమ్మకంతో శెనక్కాయ వేస్తారు. వాన రాదు. ఊడ దిగదు, కాయ ఊరదు. అప్పు చేసి బోరు వేస్తారు. నీళ్లు పడవు. ఇంకొక బోరు వేస్తారు. అప్పు రెండింతలు అవుతుంది. అప్పుడు ఇంటికి తాళం వేస్తారు. ముసలివాళ్లను ఊర్లో వదిలి బెంగుళూరు బస్సు ఎక్కుతారు. హిందూపురం నుంచి బెంగుళూరు సుమారు 100 కిలోమీటర్లే. కొందరు హైదరాబాదుకు పోతారు. కొందరు కేరళకు పోతారు.

పోయినవాళ్లలో చాలామందికి కూలి దొరుకుతుంది. కట్టే ఇంటి దగ్గరే రేకుల షెడ్డు వేసుకుని ఉంటారు. పండగకు ఊరికి వస్తారు. అందరూ రోడ్డున పడరు.

మరి రోడ్డున పడేవాళ్లు ఎవరు?

మేస్త్రీ కూలి ఎగ్గొట్టి పోయినవాడు. పైనుంచి పడి కాలు విరిగినవాడు. మొగుడు కొట్టి తరిమేసిన ఆడమనిషి. కొడుకులు చూడని ముసలమ్మ. మతి చెదిరి ఊరి పేరు మరిచిపోయినవాడు. సంచి దొంగలపాలై, ఎవరి ఫోను నంబరూ గుర్తులేక తిరిగేవాడు. ఒక దెబ్బ తగిలితే మనిషి లేస్తాడు. వరసగా మూడు దెబ్బలు తగిలితే రోడ్డున పడతాడు.

"వాళ్లు సోమరులు, పని చెయ్యరు" అని కొందరు అంటారు. అది నిజం కాదు. ఇల్లు లేనివాళ్లలో చాలామంది పని చేస్తారు. కాగితాలు, సీసాలు ఏరుతారు. మూటలు మోస్తారు. పెండ్లి వంటల దగ్గర గిన్నెలు కడుగుతారు. పని ఉన్నా ఆకలి ఎందుకు తీరదు?

ఇల్లు లేకపోతే పొయ్యి ఉండదు. పొయ్యి లేకపోతే వంట లేదు. బియ్యం కొన్నా దాచడానికి డబ్బా లేదు. ప్రతి పూటా కొనుక్కునే తినాలి. మనం 50 రూపాయలతో ఇంటిల్లిపాదికీ చారు కాచి పెట్టగలం. రోడ్డు మీద ఉన్న మనిషికి ఆ డబ్బు ఒక పూటకు కూడా చాలదు. పని దొరకని రోజు పస్తే. జ్వరం వచ్చిన రోజు పస్తే.

పాత కాలపు గంజి తొట్టి

పట్నంలో ఆకలితో ఉన్నవాళ్లకు అన్నం పెట్టడం ఈనాటి పని కాదు. 1780ల మొదట్లో దక్షిణ దేశంలో పెద్ద యుద్ధం జరిగింది. హైదర్ అలీ ఒకవైపు, ఇంగ్లీషువాళ్లు ఒకవైపు. పల్లెలు పాడైపోయాయి. కరువు వచ్చింది. జనం మద్రాసు పట్నానికి పరుగెత్తారు.

1782లో మద్రాసులో వాళ్లకోసం గంజి పోసే చోటు ఒకటి మొదలైంది. అది ఇప్పటి రాయపురం దగ్గర ఉండేది. జనం దాన్ని "గంజి తొట్టి" అన్నారు. ఆకలితో వచ్చినవాళ్లలో రోగులు కూడా ఉంటారు కదా. అందుకే గంజి పోసే చోటనే వైద్యం మొదలైంది. తర్వాత అది పెద్దాసుపత్రి అయింది. ఈనాడు చెన్నైలో ఉన్న స్టాన్లీ ఆసుపత్రికి మూలం ఆ గంజి తొట్టే.

ఇందులో ఒక సంగతి గమనించాలి. అన్నం పెట్టడానికి పోయినవాళ్లకు రోగం కనబడింది. ఆకలి ఒంటరిగా రాదు. దాని వెనుక రోగం, అప్పు, ఒంటరితనం వస్తాయి.

సీమలో అన్నం పెట్టినవాళ్లు

1866లో కరువు వచ్చింది. అప్పుడు ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డి అనే దాత ఉండేవాడు. ఆ ఊరు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉంది. ఆయన తన గాదెలు తెరిచి, కరువు జనానికి వండి పెట్టించాడు. అప్పటి ప్రభుత్వం ఆయనకు బంగారు పతకం ఇచ్చింది. సీమలో ఇప్పటికీ ఆయన పేరు చెప్పుకుంటారు.

పదేళ్లకు ఇంకా పెద్ద కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా అది ఉంది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది కాబట్టి "ధాత కరువు" అన్నారు. దక్షిణ దేశంలో లక్షల మంది చనిపోయారు. ఇంగ్లీషు ప్రభుత్వం కరువు పనులు పెట్టింది. 1877లో ఖర్చు తగ్గించాలని కూలి గింజలు తగ్గించింది. రోజంతా రాళ్లు కొట్టే మగమనిషికి రోజుకు సుమారు 450 గ్రాముల గింజలు, చేతికి కొన్ని డబ్బులు. ఆ తిండితో ఆ పని చేస్తే మనిషి బతకడని మద్రాసులోని ఒక వైద్య అధికారి గట్టిగా చెప్పాడు. పెట్టేటప్పుడు కూడా కొలత ఉంటుంది. కడుపు కొలత చూసేవాళ్లు కొందరు. ఖర్చు కొలత చూసేవాళ్లు కొందరు.

అదే కాలంలో గోదావరి లంకల్లో ఒక తల్లి ఉండేది. ఆమె పేరు డొక్కా సీతమ్మ. 1841లో పుట్టింది, 1909లో చనిపోయింది. లంకల గన్నవరంలో ఆమె ఇల్లు. గోదావరి దాటే బాటసారులు ఆ దారిన పోయేవాళ్లు. ఏ వేళలో వచ్చినా, ఏ కులంవాళ్లు వచ్చినా ఆమె అన్నం పెట్టేది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఆమె పేరు పెట్టింది.

1952లో మళ్లీ సీమలో కరువు. అప్పుడు సీమ మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఊర్లలో గంజి కేంద్రాలు పెట్టారు. బావులు లోతు చెయ్యడానికి సైన్యం కూడా వచ్చింది. అనంతపురం జిల్లా తరిమెలకు చెందిన విద్వాన్ విశ్వం ఈ సీమ పేదల బతుకును "పెన్నేటి పాట"గా రాశాడు.

2003 ఎండాకాలంలో కూడా కరువు జిల్లాల్లో గంజి కేంద్రాలు తెరిచారు. వయసువాళ్లు వలస పోయారు. ఊర్లో మిగిలిన ముసలివాళ్లు చేతిలో తట్ట పట్టుకుని వరసలో కూర్చున్నారు.

అంటే ఒకే ఆకలి రెండు చోట్ల ఉంది. ఊర్లో గంజి కేంద్రం దగ్గర తల్లిదండ్రులు. పట్నంలో వంతెన కింద బిడ్డలు. పట్నంలో ఆ బిడ్డకు ఎవరైనా అన్నం పెడితే, పెట్టింది మన ఇంటికే.

దబీర్‌పురా వంతెన కింద

హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా అనే పేట ఉంది. అక్కడ రైల్వే స్టేషను, దాని దగ్గర పెద్ద వంతెన ఉన్నాయి. సయ్యద్ ఉస్మాన్ అజర్ మక్సూసీ అనే ఆయన ఆ వంతెన కింద 2012 నుంచి అన్నం పెడుతున్నాడు.

ఆయన జమీందారు కాదు. చిన్నప్పుడే తండ్రి పోయాడు. చిన్నతనంలో తానే పస్తులున్నాడు. పెద్దయ్యాక ప్లాస్టరు పని చేసుకుని బతికాడు. ఒకరోజు స్టేషను దగ్గర ఒక ఆడమనిషి ఆకలితో ఏడవడం చూశాడు. ఆమె కాళ్లు లేని మనిషి. ఆమెకు అన్నం పెట్టించాడు. ఇంటికి పోయినా ఆ ఏడుపు మరిచిపోలేకపోయాడు.

మరుసటి దినాల్లో ఆయన భార్య ఇంట్లో పదిహేను మందికి వండింది. ఆయన మూట కట్టి తీసుకుపోయి పెట్టాడు. మొదలు అంతే. ఒక ఇల్లాలి పొయ్యి, పదిహేను విస్తర్లు. తర్వాత తినేవాళ్లు పెరిగారు. వంటమనిషిని పెట్టుకున్నారు. సాయం చేసేవాళ్లు వచ్చారు. రోజుకు వంద మందికి పైగా ఆ వంతెన కింద వరసగా కూర్చుని తిన్నారు. పదేళ్లు దాటినా ఆ పని ఆగలేదు.

ఆకలికి మతం లేదని ఆయన చెబుతాడు. పెట్టేవాళ్లు తినేవాళ్ల పేరు అడగరు. కులం అడగరు.

పంజాబులో సిక్కుల గురుద్వారాల్లో కూడా ఈ పద్ధతి ఉంది. దాన్ని "లంగరు" అంటారు. అమృత్‌సర్‌లోని స్వర్ణ దేవాలయంలో రాత్రీ పగలూ అన్నం పెడతారు. ధనికుడైనా, పేదవాడైనా ఒకే వరుసలో నేల మీద కూర్చుని తినాలి. రొట్టెలు చెయ్యడం, గిన్నెలు తోమడం అన్నీ జనమే చేస్తారు. జీతం ఉండదు. ఐదువందల ఏండ్లకు పైగా ఈ పద్ధతి నడుస్తోంది.

ఈ మధ్య చదువుకున్న పిల్లలు కూడా ఈ పనికి వస్తున్నారు. 2014లో ఢిల్లీలో "రాబిన్ హుడ్ ఆర్మీ" అనే గుంపు మొదలైంది. హోటళ్లలో, పెండ్లిండ్లలో మిగిలిన మంచి అన్నాన్ని తీసుకుపోయి పేదలకు పంచుతారు. హైదరాబాదులో కూడా ఈ గుంపు ఉంది.

ఈ పని ఎట్ల చేస్తారు?

అన్నం వండడం ఆడవాళ్లకు తెలిసిన పనే. వంద మందికి వండి, రోడ్డు మీద పెట్టాలంటే కొన్ని జాగ్రత్తలు కావాలి.

మొదటిది లెక్క. ఒక మనిషికి ఒక పూటకు సుమారు 150 గ్రాముల బియ్యం కావాలి. వంద మందికి 15 కిలోలు. పప్పు 3 కిలోలు ఉంటే సాంబారు చిక్కగా వస్తుంది. కూరగాయలు, నూనె, ఉప్పు, చింతపండు వేరే. లెక్క లేకుండా వండితే చివర కూర్చున్నవాళ్లకు మిగలదు. ఆశగా వచ్చినవాళ్లను ఖాళీ కడుపుతో పంపడం పాపం.

రెండోది శుభ్రం. వండేవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. నీళ్లు మంచివై ఉండాలి. వండిన అన్నం రెండు గంటల లోపల పంచాలి. ఎండాకాలంలో ఇంకా తొందరగా పంచాలి. పెండ్లిలో మిగిలిన అన్నం తెల్లవారి పంచకూడదు. వాసన రాకపోయినా లోపల చెడిపోయి ఉంటుంది. ఇంట్లో ఉన్నవాళ్లకు వాంతులైతే ఆసుపత్రికి పోతారు. రోడ్డు మీద ఉన్నవాళ్లను ఎవరు తీసుకుపోతారు? మన పిల్లలకు పెట్టని అన్నం వాళ్లకూ పెట్టకూడదు.

మూడోది నీళ్లు. చాలామంది అన్నం తెస్తారు, నీళ్లు మరిచిపోతారు. పట్నంలో తాగే నీళ్లు కూడా కొనాల్సిందే. చెయ్యి కడుక్కోను, తాగను రెండింటికీ నీళ్లు కావాలి.

నాలుగోది సమయం. ఒకరోజు వచ్చి, పది రోజులు రాకపోతే లాభం లేదు. వస్తారని నమ్మి ముసలమ్మ ఎదురుచూస్తుంది. పండగ రోజు నాలుగు రకాలు పెట్టడం కంటే ప్రతి దినమూ పప్పన్నం పెట్టడం మేలు. పట్నంలో పండగ రోజు పదిమంది పొట్లాలు తెస్తారు. తిన్నంత తిని మిగిలింది కాలువలో పోతుంది. మరుసటి రోజు ఎవరూ రారు. అందుకే నాలుగు గుంపులు కలిసి వారాలు పంచుకోవాలి.

ఐదోది మర్యాద. ఇదే అన్నిటికంటే పెద్దది.

నిద్రపోయేవాళ్లను కాలితో తట్టి లేపకూడదు. "ఏయ్, తీసుకో" అనకూడదు. వయసును బట్టి "తాతా", "అవ్వా", "అన్నా", "అక్కా" అని పిలవాలి. "అన్నం తింటారా?" అని ముందు అడగాలి. వద్దంటే ఊరుకోవాలి. దూరం నుంచి విసరకూడదు. కూర్చోబెట్టి వడ్డించాలి. ఇంకొంచెం కావాలా అని అడగాలి.

ఫోటోలు తియ్యకూడదు. పొట్లం చేతిలో పెట్టి, ఫోటో తీసి, పదిమందికి చూపించేవాళ్లు ఉన్నారు. ఆ ఫోటోలో ఉన్న మనిషికి ఊర్లో చెల్లెలు ఉండొచ్చు. పెండ్లికి ఎదిగిన కూతురు ఉండొచ్చు. పట్నంలో బాగా ఉన్నానని ఇంటికి చెప్పి ఉండొచ్చు. ఒక పూట అన్నానికి ఆ మనిషి మానం ఖరీదు కట్టకూడదు.

గంజి ఎందుకు మేలు?

చాలా దినాలు పస్తున్న మనిషి కనబడితే మనకు జాలి వేస్తుంది. కడుపు నిండా బిరియాని పెట్టాలనిపిస్తుంది. అది ప్రమాదం.

దినాల తరబడి తిండి లేకపోతే ఒంట్లో ఉప్పులు తగ్గిపోతాయి. గుండె బలం తగ్గుతుంది. ఒక్కసారిగా ఎక్కువ తింటే ఒళ్లు తట్టుకోలేదు. ప్రాణం కూడా పోవచ్చు. 1945లో రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. జర్మనీ ఖైదు శిబిరాల్లో ఎండిపోయిన మనుషులను సైనికులు విడిపించారు. జాలితో బలమైన తిండి పెట్టారు. ఆ తిండి అరగక, ఒళ్లు తట్టుకోలేక కొందరు చనిపోయారు.

అందుకే పలుచని గంజి, ఉప్పు వేసిన మజ్జిగ, కొంచెం కొంచెంగా, గంట గంటకు ఇవ్వాలి. మనిషి లేవలేకపోతున్నా, మాట తడబడుతున్నా 108కి ఫోను చెయ్యాలి. పిలిచి అంతటితో పోకూడదు. బండి వచ్చేదాకా దగ్గర ఉండాలి.

మన పెద్దవాళ్లు పస్తున్నవాళ్లకు ముందు గంజి పోసేవాళ్లు. ఆ పద్ధతి మంచిదని డాక్టర్ల మాట కూడా చెబుతుంది.

2020లో రోడ్డు మీద

2020 మార్చి 25న కరోనా వల్ల దేశమంతా తలుపులు మూశారు. బస్సులు లేవు, రైళ్లు లేవు. పని ఆగింది, కూలి ఆగింది. పట్నంలో ఉన్న కూలీలు కాలినడకన సొంత ఊర్లకు బయలుదేరారు. అంతవరకు ఇల్లు ఉన్నవాళ్లు కూడా ఒక్క రాత్రిలో రోడ్డున పడ్డారు.

44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోతుంది. అది అనంతపురం, పెనుకొండ మీదుగానే బెంగుళూరుకు పోతుంది. ఆ దారిలో నెత్తిన మూట, చంకలో బిడ్డ పెట్టుకుని జనం నడిచారు. భాష తెలియనివాళ్లు, ఎక్కడో ఉత్తరాదివాళ్లు. దారి పొడుగునా ఊర్లవాళ్లు నీళ్లు, మజ్జిగ, అన్నం పొట్లాలు ఇచ్చారు. కరువు సీమవాళ్లకు ఆకలి భాష ఎవరూ నేర్పనక్కరలేదు.

అన్నం పెడితే సరిపోతుందా?

సరిపోదు. అన్నం ఈ పూట ఆకలి తీరుస్తుంది. రేపటి ఆకలి రేపే వస్తుంది.

ఐర్లాండు అని ఒక చిన్న దేశం ఉంది. 1840లలో అక్కడ ఆలుగడ్డ పంటకు తెగులు వచ్చింది. పేదలకు అదే తిండి. 1847లో ఊరూరా గంజి కేంద్రాలు పెట్టారు. ఒక దశలో రోజుకు 30 లక్షల మంది తిన్నారు. చావులు తగ్గాయి. ఆ ఏడాదే ప్రభుత్వం కేంద్రాలు మూసేసింది. పని లేదు, పంట లేదు. జనం మళ్లీ చనిపోయారు. గంజి ప్రాణం నిలబెడుతుంది. బతుకు నిలబెట్టాలంటే పని, కూలి, రేషను, ఇల్లు కావాలి.

అందుకే అన్నం దానంగానే కాక హక్కుగా కూడా ఉండాలని దేశంలో చాలామంది పోరాడారు. 2001లో సుప్రీంకోర్టు బడి పిల్లలకు వండిన అన్నం పెట్టాలని చెప్పింది. 2003 నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. ఆ అన్నం వండింది పొదుపు సంఘాల ఆడవాళ్లే. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకాన్ని దేశంలో మొదట మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో మొదలుపెట్టారు. ఏడాదికి 100 రోజులు ఊర్లోనే పని అడిగే హక్కును ఆ చట్టం ఇచ్చింది. ఊర్లో పని దొరికితే వంతెన కింద పడుకునేవాళ్లు తగ్గుతారు.

2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. ఆ చట్టం కింద కార్డు ఉన్న ఇంట్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల గింజలు. అంత్యోదయ కార్డు ఉంటే ఇంటికి 35 కిలోలు. ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. ఇప్పుడు ఈ కార్డు మన ఊర్లోనే కాదు, దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. 2022 నాటికి అన్ని రాష్ట్రాలూ ఇందులో చేరాయి. బెంగుళూరుకు కూలికి పోయిన కుటుంబం అక్కడి చౌక దుకాణంలో కార్డు నంబరు చెప్పి, వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఈ సంగతి తెలియక చాలామంది బియ్యం కొనుక్కుని తింటున్నారు.

పట్నాల్లో చౌక భోజనం కూడా ఉంది. 2014 నుంచి హైదరాబాదులో 5 రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో అన్న క్యాంటీన్లు తెరిచారు. 2019లో మూతపడ్డాయి. 2024 ఆగస్టులో మళ్లీ తెరిచారు. అక్కడ కూడా పూటకు 5 రూపాయలే. 5 రూపాయలు ఇచ్చి తినేవాడు తల ఎత్తుకుని తింటాడు. అదీ ఒక మేలే.

లక్ష జనాభాకు ఒకటి చొప్పున పట్నాల్లో రాత్రి బస కేంద్రాలు ఉండాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నం పెట్టడానికి పోయేవాళ్లు ఈ సంగతులన్నీ చెప్పగలగాలి. పొట్లంతోపాటు ఒక మంచి మాట, ఒక చిరునామా కూడా ఇవ్వాలి.

పిడికెడు లెక్క

"మేమే పేదోళ్లం. మేమేం పెడతాం?" అని కొందరు అనుకోవచ్చు. ఒక చిన్న లెక్క వేద్దాం.

ఒక పొదుపు సంఘం పేటలో 40 ఇండ్లు ఉన్నాయి అనుకోండి. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ప్రతి ఇల్లూ ఒక పిడికెడు తీసి పక్క కుండలో వేస్తుంది. పిడికెడు అంటే సుమారు 50 గ్రాములు.

40 ఇండ్లు × 50 గ్రాములు = 2,000 గ్రాములు. అంటే 2 కిలోలు.

నెలకు 30 రోజులు × 2 కిలోలు = 60 కిలోలు.

ఒక ఇంటికి నెలకు పోయేది కిలోన్నర మాత్రమే. రోజుకు 2 కిలోలతో 13 మందికి ఒక పూట అన్నం అవుతుంది. ఊర్లో దిక్కులేని ముసలివాళ్లు 13 మంది ఉంటారా? చాలా ఊర్లలో అంతకంటే తక్కువే ఉంటారు. అంటే పేట ఆడవాళ్లు తలచుకుంటే ఊర్లో ఒక్కరు కూడా పస్తు పడుకోనక్కరలేదు. 1990లలో రోజుకు ఒక రూపాయి దాచి పొదుపు సంఘాలను నిలబెట్టింది ఇట్లాంటి ఆడవాళ్లే.

చదువు ఇక్కడ పనికొస్తుంది

పట్నంలో తప్పిపోయినవాళ్లు చాలామంది ఇంటికి రాలేకపోవడానికి ఒక కారణం ఉంది. వాళ్ల దగ్గర చిరునామా ఉండదు. ఫోను పోతే నంబరు పోతుంది. అన్నం పెట్టేవాళ్లు "ఏ ఊరు తాతా?" అని అడుగుతారు. ఆయన ఊరి పేరు చెబుతాడు. మండలం తెలియదు, జిల్లా తెలియదు. ఆ పేరుతో రాష్ట్రంలో పది ఊర్లు ఉంటాయి.

అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు ఒక పని చెయ్యవచ్చు. ఇంట్లో ఎవరైనా కూలికి పట్నం పోతుంటే ఒక కాగితం మీద ఇవి రాయాలి:

మనిషి పేరు.
ఊరు, మండలం, జిల్లా.
ఇంట్లోవాళ్ల ఫోను నంబర్లు రెండు.
రేషను కార్డు నంబరు.
వాడే మందుల పేర్లు.

ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, చొక్కా లోపలి జేబులో కుట్టాలి. అంతే. ఏదో ఒక రాత్రి వంతెన కింద అన్నం పెట్టేవాళ్లు ఆ కాగితం చదివితే, మనిషి ఇల్లు చేరతాడు.

ఈ కాగితం మీ చేతులతో రాయగలరు. నిరుడు రాయలేకపోయినవాళ్లు ఇప్పుడు రాయగలరు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. మీ ఊరి నుంచి పట్నం పోయి తిరిగి రానివాళ్లు ఉన్నారా? వాళ్ల సంగతి ఎవరైనా కనుక్కున్నారా?

2. మీ పేటలో వండుకోలేని ముసలివాళ్లు ఎందరు? వాళ్ల పేర్లు రాయండి.

3. మీ సంఘంలో ఎన్ని ఇండ్లు? రోజుకు ఒక పిడికెడు తీస్తే నెలకు ఎన్ని కిలోలు? లెక్క వేయండి.

4. అన్నం పెట్టేటప్పుడు ఫోటో తియ్యకూడదు. ఎందుకు? మీ మాటల్లో చెప్పండి.

5. కూలికి పోయే మీ ఇంటివాళ్ల కోసం ఈ రోజే చిరునామా కాగితం రాయండి. పక్కింటి ఆమెకు రాయడం రాకపోతే ఆమెకు కూడా రాసి ఇవ్వండి.